చెవి పరిభాష - నామం, క్రియ: మొఘల్‌పురా నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

చెవికి, వినికిడికి సంబంధించిన తెలుగు వైద్య పరిభాష ప్రధానంగా అవయవ భాగాల పేర్లను స్థిరపరిచింది. చెవిలో జరిగేదాన్ని చెప్పే మాటలను, వినికిడి తగ్గుదలలోని తరతమ భేదాలను తెలిపే మాటలను అంతగా పట్టించుకోలేదు. రోగి వైద్యుని ముందు వాడేది మాత్రం ఈ రెండో రకం మాటలనే. తెలుగు, దక్కనీ ఉర్దూ పక్కపక్కనే బతికే మొఘల్‌పురా వంటి పాతబస్తీ పేటను నేపథ్యంగా తీసుకొని, సంస్కృతమూలక పరిభాష, అరబీమూలక పరిభాష, ఇంటి మాట అనే మూడు పొరల మధ్య సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరిభాష విలువను పదం పుట్టుకను బట్టి కాక, అది ప్రశ్నగానూ జవాబుగానూ పనికివస్తుందా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వైద్య పరిభాష, కర్ణభేరి, అంకవన్నె, వినికిడి లోపం, చెవుడు, దక్కనీ, పదకల్పన, మొఘల్‌పురా.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్‌కు, శాలిబండకు చేరువలో ఉన్న పేట మొఘల్‌పురా. ఇక్కడ తెలుగు, దక్కనీ ఉర్దూ రెండూ ఇంటి భాషలే. చెవికి జబ్బు చేసిన మొఘల్‌పురా నివాసికి రెండు ప్రభుత్వ వైద్యశాలలు అందుబాటులో ఉన్నాయి. ఒకటి మక్కా మసీదు సమీపంలో ఏడవ నిజాం కాలంలో కట్టిన నిజామియా యునానీ వైద్యశాల. రెండవది మూసీ దాటి వెళితే కోఠిలో ఉన్న ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు వైద్యశాల. మొదటిదాని శాస్త్రభాష అరబీ, ఫారసీ పదాలతో నిండినది. రెండవదాని శాస్త్రభాష ఆంగ్లం. ఆ పేట పిల్లలు బడిలో చదివే జీవశాస్త్ర వాచకం తెలుగు మాధ్యమమైతే సంస్కృత సమాసాలతోనూ, ఉర్దూ మాధ్యమమైతే అరబీ సమాసాలతోనూ చెవిని వర్ణిస్తుంది. ఇంట్లో చెవి గురించి మాట్లాడుకొనే భాష ఈ మూడింటిలో దేనికీ చెందదు.

ఒకే అవయవానికి ఇన్ని భాషలు ఉండటం దానంతటది లోపం కాదు. శాస్త్రజ్ఞుని మాట, రోగి మాట వేరువేరుగా ఉండటం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అయితే ఆ రెంటికీ మధ్య రాకపోకలు సాగాలి. తెలుగులో చెవి పరిభాష ఆ రాకపోకలకు వీలు కల్పించిందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. పరిభాషపై తెలుగులో జరిగే చర్చ చాలావరకు సంస్కృతమా, అచ్చతెలుగా, ఆంగ్లమా అన్న ఎంపిక చుట్టూ తిరుగుతుంది. చెవి విషయంలో అసలు సమస్య అంతకంటే లోతైనదని కింది విభాగాలు నిరూపించే ప్రయత్నం చేస్తాయి.

2. ఒకే నగరంలో రెండు ప్రయత్నాలు

ఆధునిక శాస్త్రాలకు దేశభాషలో పరిభాష నిర్మించే ప్రయత్నం హైదరాబాదులో రెండు పర్యాయాలు వ్యవస్థాగతంగా జరిగింది. మొదటిది ఉర్దూలో. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కావలసిన ఉర్దూ గ్రంథాలను సిద్ధం చేసింది. వైద్యవిద్య సైతం కొంతకాలం ఉర్దూ మాధ్యమంలో సాగింది. ఆ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వహీదుద్దీన్ సలీం పదకల్పన సూత్రాలపై 'వజ్-ఎ-ఇస్తిలాహాత్' అనే గ్రంథం రాశాడు. కొత్త పదాలకు అరబీ మీదనే ఆధారపడనక్కర లేదని, ఉర్దూ స్వభావానికి తగిన దేశీయ పద్ధతులను కూడా వాడుకోవాలని ఆయన వాదించాడు. 1948 తరువాత ఉస్మానియా బోధన ఆంగ్లంలోకి మారింది. ఉర్దూ వైద్య పరిభాషకు తరగతి గది పోయింది.

రెండవ ప్రయత్నం తెలుగులో. 1968లో హైదరాబాదులోనే తెలుగు అకాడమి ఏర్పడింది. కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలతో పాటు వివిధ శాస్త్రాల పారిభాషిక పదకోశాలను అది వెలువరించింది. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం వంటి విషయాల్లో తెలుగు మాధ్యమ విద్యార్థి నేటికీ ఆ పదాల మీదనే నడుస్తున్నాడు. అయితే ఎం.బి.బి.ఎస్. స్థాయిలో తెలుగు ఎన్నడూ బోధనా మాధ్యమం కాలేదు. అందువల్ల తెలుగు చెవి పరిభాష వైద్యుని కోసం కాక, జీవశాస్త్ర విద్యార్థి కోసం తయారైంది. ఈ పుట్టుక దాని స్వభావాన్ని నిర్ణయించింది. పరీక్షలో పటం గీసి భాగాలు గుర్తించే విద్యార్థికి కావలసినవి పేర్లు. తన చెవిలో ఏమి జరుగుతున్నదో చెప్పుకొనే రోగికి కావలసినవి వేరు.

సలీం లేవనెత్తిన ప్రశ్న, అర్ధశతాబ్దం తరువాత తెలుగు అకాడమి ముందుకు వచ్చిన ప్రశ్న ఒకటే. కొత్త పదానికి ముడిసరుకు ఎక్కడినుండి తేవాలి? ఈ రెండు ప్రయత్నాల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడటానికి మధ్యచెవిలోని మూడు చిన్న ఎముకలు మంచి ఉదాహరణ.

3. మూడు ఎముకలు, మూడు మార్గాలు

చెవిలోకి చేరిన శబ్దతరంగాలు లోపలి పొరను కంపింపజేస్తాయి. ఆ కంపనాన్ని మధ్యచెవిలోని మూడు ఎముకల గొలుసు లోపలి చెవికి చేరవేస్తుంది. అక్కడి ద్రవంలో పుట్టిన అలలను రోమకణాలు నాడీ సంకేతాలుగా మారుస్తాయి. ఈ మూడు ఎముకలకు మాలియస్, ఇంకస్, స్టేపిస్ అనే లాటిన్ పేర్లు 16వ శతాబ్దిలో స్థిరపడ్డాయి. వాటి అర్థాలు సుత్తి, దాగలి, గుర్రపు జీను నుండి వేలాడే పాదాధారం. ఇవి కేవలం ఆకారసామ్యంతో వచ్చిన పేర్లు.

ఉర్దూ పరిభాష వీటికి అరబీ పదాలను స్వీకరించింది: మత్రఖా, సిందాన్, రికాబ్. తెలుగు వాచకాల్లో ఇవి కూటకం, దాగలి, అంకవన్నె. మూడింటికీ మూడు మార్గాలు కనిపిస్తాయి. కూటకం సంస్కృతం నుండి వచ్చింది. దాగలి కమ్మరి కొలిమి నుండి వచ్చింది. ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె అది. అంకవన్నె నిఘంటువు నుండి వచ్చింది; రౌతు కాలు మోపే పరికరానికి పాత తెలుగు పేరు అది.

ఈ మూడింటిలో దాగలి ఎంపిక ప్రశంసించదగినది. వృత్తిపదం శాస్త్రపదమైంది. పరిభాష తయారీలో కులవృత్తుల పదసంపదకు చోటు దక్కిన సందర్భాలు తక్కువ కాబట్టి దీనికి ప్రత్యేక విలువ ఉంది. కూటకం విషయంలో మాత్రం ఒక ప్రశ్న తప్పదు. సుత్తి అనే మాట తెలియని తెలుగువాడు లేడు. దాగలి పక్కన సుత్తి ఉంటే పోలిక తనంతట తానే పూర్తయ్యేది. సుత్తి దాగలిని తాకుతుంది, దాగలి కదలిక తరువాతి ఎముకకు చేరుతుంది అని పిల్లవాడు ఊహించుకోగలిగేవాడు. కూటకం అనటంతో ఆ దృశ్యం చెదిరిపోయింది. అందరికీ తెలిసిన వస్తువుకు ఎవరికీ తెలియని పేరు పెట్టటం శాస్త్రగౌరవం కోసమే తప్ప శాస్త్రావసరం కోసం కాదు. 1982లో వచ్చిన 'నాలుగు స్తంభాలాట' తరువాత సుత్తి అనే మాటకు విసిగించే మాటలు అనే అర్థం వచ్చింది. నేడు దాన్ని వాచకంలోకి తెస్తే తరగతి నవ్వవచ్చు. నవ్వినా గుర్తుంటుంది.

అంకవన్నె సమస్య వేరు. అది అచ్చతెలుగు పదమే. అయినా నేటి విద్యార్థికి అది కూటకమంత అపరిచితం. దేశ్యపదమైనంత మాత్రాన ప్రజల పదం కాదని దీనివల్ల తెలుస్తుంది. మొఘల్‌పురా వీధుల్లో పెళ్ళి ఊరేగింపు గుర్రాన్ని చూసిన పిల్లవాడికి రికాబు అంటే ఏమిటో చూపించటం సులభం. రికాబు తెలుగు నిఘంటువుల్లోకి కూడా ఎక్కిన మాట. ఉర్దూ మాధ్యమ విద్యార్థి చదివే రికాబ్, తెలుగు మాధ్యమ విద్యార్థి చదవగలిగిన రికాబు ఒకటే అయ్యేవి. ఒకే గల్లీలో పెరిగే ఇద్దరు పిల్లలకు మనిషి శరీరంలోని అతిచిన్న ఎముక పేరు ఒకటయ్యే అవకాశం అలా చేజారింది.

4. భేరి: వినిపించే ధ్వని నుండి వినే అవయవానికి

చెవి పరిభాషలో అత్యధిక ప్రచారం పొందిన పదం కర్ణభేరి. పాఠ్యపుస్తకాలు, పత్రికల వల్ల అది సామాన్యులకు కూడా తెలిసింది. సంస్కృత సమాసాలన్నీ ప్రజలకు దూరంగానే ఉంటాయన్న వాదాన్ని ఈ ఒక్క పదం పూర్వపక్షం చేస్తుంది. పదేపదే వినిపించే మాట ఏ భాష నుండి వచ్చినా నిలుస్తుంది.

అయితే ఈ పదానికి ఒక చరిత్ర ఉంది. మాధవనిదానం కర్ణనాదమనే వ్యాధిని వివరిస్తూ, రోగికి భేరి, మృదంగం, శంఖం వంటి వాద్యాల ధ్వనులు చెవిలో వినిపిస్తాయని చెబుతుంది. అక్కడ భేరి రోగి అనుభవించే శబ్దం. ఆధునిక పరిభాషలో అదే భేరి చెవిలోని ఒక భాగం. లాటిన్ టింపానంకు సమానార్థకంగా భేరిని ఎన్నుకోవటంతో అనుభవాన్ని చెప్పే మాట అవయవాన్ని చెప్పే మాటగా మారింది. ఈ ఒక్క పదం నడిచిన దారిలోనే తెలుగు చెవి పరిభాష మొత్తం నడిచిందని చెప్పవచ్చు.

అర్థపరంగా కూడా ఇందులో ఒక చిక్కు ఉంది. భేరి అంటే మొత్తం వాద్యం. కంపించేది దాని మీద బిగించిన చర్మం. ఆంగ్ల శాస్త్రభాషలో డోలు వేరు, డోలు చర్మం వేరు. డోలు అంటే మధ్యచెవి గది, చర్మం అంటే దాన్ని మూసే పొర. తెలుగులో కర్ణభేరి ఆ పొరకే వాడుకలో స్థిరపడింది. అందువల్ల పొరకు చిన్న రంధ్రం పడినా 'కర్ణభేరి పగిలింది' అనే వాక్యం వస్తుంది. వినేవారికి వాద్యమంతా ముక్కలైనట్లు తోస్తుంది. దెబ్బ వల్ల పొరకు పడిన చిన్న రంధ్రాలు చాలావరకు కొన్ని వారాల్లో తమంతట తామే పూడుకుంటాయన్నది వైద్యశాస్త్రం చెప్పే మాట. పదం కలిగించే భయానికీ, వాస్తవానికీ మధ్య ఇక్కడ దూరం ఉంది.

పాతబస్తీలో ఈ భాగానికి ఉన్న మాట పర్దా. కాన్ కా పర్దా అని ఉర్దూలో, చెవి పర్దా అని హైదరాబాదు తెలుగులో అంటారు. శస్త్రచికిత్సకు పర్దా ఆపరేషన్ అనే పేరు రెండు భాషల వారికీ అర్థమవుతుంది. పరదాకు రంధ్రం పడుతుంది, పరదాను కుడతారు, అతుకు వేస్తారు. ఈ మాటలన్నీ ఆ పోలికలోనే ఇముడుతాయి. అదే పదం కంటికీ వర్తిస్తుంది కాబట్టి 'చెవి' అన్న విశేషణం తప్పనిసరి. ఆ చిన్న పరిమితిని మినహాయిస్తే, వైద్యుడు చెప్పదలచుకొన్న విషయాన్ని పరదా కర్ణభేరి కంటే ఖచ్చితంగా చెబుతుంది. జానపద పదం శాస్త్రపదం కంటే ఖచ్చితంగా ఉండటం ఇక్కడ గమనించదగిన అంశం.

5. రోగి నోట క్రియాపదాలు

చెవి జబ్బుతో వచ్చిన తెలుగు రోగి సాధారణంగా ఇలా చెబుతాడు: చెవి కారుతోంది, చెవి పోటు పెడుతోంది, చెవిలో హోరుమంటోంది, గుయ్యిమంటోంది, చెవి దిబ్బడ వేసింది, దురద పెడుతోంది. ఇవన్నీ క్రియలు. దక్కనీ మాట్లాడే రోగి చెప్పేవి కూడా క్రియలే: కాన్ బెహ్నా, కాన్ బజ్నా, కాన్ బంద్ హోనా. రెండు భాషలనూ పక్కన పెడితే సమానత ఆశ్చర్యం కలిగిస్తుంది. కాన్ బెహ్నా అంటే చెవి కారటం. కాన్ బజ్నా అంటే చెవి మోగటం. భాషాకుటుంబాలు వేరైనా వాక్యనిర్మాణం ఒకటే: చెవి కర్త, జరిగేది క్రియ.

పండితభాషలో కూడా ఇలాంటి జంట కనిపిస్తుంది. ఆయుర్వేదంలో కర్ణస్రావం, యునానీలో సైలాన్-ఉల్-ఉజ్న్. ఆయుర్వేదంలో కర్ణశూల, యునానీలో వజ-ఉల్-ఉజ్న్. ఆయుర్వేదంలో కర్ణనాదం, యునానీలో తనీన్. పైకి నామవాచకాలుగా కనిపించినా ఇవి ఘటనలను సూచించే పదాలే. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం చెవి రోగాలను 28గా లెక్కించింది. ఆ పేర్లలో శూల, నాదం, క్ష్వేడం, స్రావం, కండువు, పాకం వంటివి రోగికి ఏమి జరుగుతున్నదో చెప్పే మాటలు. భేరీమృదంగాల వంటి నాదానికి ఒక పేరు, వేణునాదం వంటి ధ్వనికి కర్ణక్ష్వేడమనే మరొక పేరు ఉండటం చూస్తే, రోగి వర్ణించిన శబ్దస్వభావాన్ని ఆ శాస్త్రకారులు ఎంత శ్రద్ధగా విన్నారో అర్థమవుతుంది.

ఇక్కడ ఒక సాధారణ అభిప్రాయాన్ని సవరించుకోవలసి ఉంది. ఆధునిక తెలుగు పరిభాష సంస్కృతం మీద ఆధారపడటం వల్లనే ప్రజలకు దూరమైందని తరచూ అంటారు. నిజానికి సంస్కృత వైద్యసంప్రదాయం రోగి అనుభవానికి దగ్గరగానే పేర్లు పెట్టింది. 20వ శతాబ్ది పదకల్పన ఆ సంప్రదాయం నుండి ధాతువులను, సమాసవిధానాన్ని తీసుకొంది కానీ, ఆ దృష్టిని తీసుకోలేదు. కర్ణావర్తం, అర్ధవర్తుల కుల్యలు, త్వచాగహనం వంటివి సంస్కృత శబ్దాలతో కట్టిన ఐరోపా శరీరనిర్మాణ పటాలు. అందువల్ల లోపం సంస్కృతానిది కాదు; పటాన్ని మాత్రమే అనువదించిన దృష్టిది.

లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యల ఉదాహరణ చూడవచ్చు. శరీరం సమతాస్థితిని కాపాడే భాగాలివి. వాటికి తేడా వస్తే మనిషికి చుట్టూ ఉన్నవన్నీ గిర్రున తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. తెలుగులో దీన్ని కళ్ళు తిరగటం అంటారు. నీరసంతో కళ్ళు చీకట్లు కమ్మినా అదే మాట వాడతారు. దక్కనీలో చక్కర్ కూడా ఈ రెంటికీ వర్తిస్తుంది. వైద్యునికి ఈ రెండు స్థితుల మధ్య తేడా అత్యంత ముఖ్యం. ఒకటి చెవి వైపు, మరొకటి రక్తపోటు వైపు దారి చూపవచ్చు. కుల్యలకు పేరు పెట్టిన పరిభాష ఈ రెండు తిరుగుళ్ళకు వేరువేరు పేర్లు ఇవ్వలేదు. కంటికి అంటగట్టిన లక్షణానికి మూలం చెవిలో ఉండవచ్చునని చెప్పే మాట తెలుగు పాఠకునికి అందలేదు.

ఉచ్చారణ తెచ్చే చిక్కు కూడా ఒకటి ఉంది. హైదరాబాదీ దక్కనీలో 'కారుతోంది' అనే అర్థంలో 'బెహ్ రా' అంటారు. చెవిటివాడికి ఉర్దూ మాట 'బెహ్రా'. వేగంగా పలికినప్పుడు రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఉర్దూ అంతగా రాని వైద్యునికి చెవి కారుతోందన్న మాట చెవుడు వచ్చిందన్నట్లు తోచవచ్చు. సంవత్సరాల తరబడి కారుతున్న చెవిని నిర్లక్ష్యం చేస్తే వినికిడి తగ్గుతుందన్నది వేరే సంగతి. ధ్వనిసామ్యం యాదృచ్ఛికమే అయినా, అది గుర్తుచేసే వైద్యసత్యం యాదృచ్ఛికం కాదు.

6. చెవుడు: ఒక్క మాటలో ఇమడని కొలత

తెలుగులో చెవుడు అనే మాట చెవి నుండే పుట్టింది. తమిళంలో కూడా చెవికి, చెవుడుకు ఇదే సంబంధం ఉంది. ద్రావిడభాషలు ఈ స్థితిని అవయవం పేరుతో గుర్తించాయి. వినికిడి లోపం అనే నేటి మాట దాన్ని అవయవం నుండి విడదీసి, పని పేరుతో గుర్తిస్తుంది. ఇది కేవలం మర్యాద కోసం చేసిన మార్పు కాదు. బయటిచెవి, మధ్యచెవి బాగున్నా నాడిలోనో అంతకు పైననో దోషం ఉండవచ్చు కాబట్టి శాస్త్రపరంగా కూడా ఇదే సరైనది. మూగ, చెవిటి అని జంటగా పలికే అలవాటు నుండి బయటపడటానికి కూడా ఈ మాట తోడ్పడుతుంది. వినపడని పిల్లవాడికి గొంతులో లోపం లేదని, భాష వినపడక మాట రాలేదని ఆ జంటపదం దాచిపెడుతుంది.

అయితే వినికిడి లోపం అనే పదం ఎంత లోపమో చెప్పదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ స్థితిని డెసిబెల్‌లలో నిర్వచించింది. రెండు చెవుల్లోనూ మాటల పౌనఃపున్యాల వద్ద 70 డెసిబెల్‌ల నష్టం ఉన్నవారు బధిరులు. 60 నుండి 70 డెసిబెల్‌ల వరకు నష్టం ఉన్నవారు తక్కువ వినికిడి గలవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక మాత్రం 20 డెసిబెల్‌ల నుండే తేలికపాటి లోపాన్ని గుర్తిస్తుంది. చట్టం గీతకు, వైద్యం గీతకు మధ్య 40 డెసిబెల్‌ల ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఉన్న మనిషికి ధ్రువపత్రం ఉండదు. పరిభాషలో నిలకడైన పేరూ ఉండదు.

వాడుకభాషలో మాత్రం మెట్లు ఉన్నాయి. వినికిడి మందగించిందంటే మొదటి మెట్టు. గట్టిగా మాట్లాడితేనే వినపడుతుందంటే తరువాతి మెట్టు. బ్రహ్మచెవుడంటే చివరి మెట్టు. దక్కనీలో 'ఊంచా సున్నా' అనే పలుకుబడి ఇంకా విశేషమైనది. ఎత్తుగా వినటం అని దాని శబ్దార్థం. స్వరం ఎత్తితే తప్ప వినపడదని భావం. శ్రవణపరీక్షలో కొలిచేది కూడా ఇదే: ఎంత బలమైన శబ్దం వద్ద మనిషికి వినికిడి మొదలవుతుందన్నది. ఆ ఆరంభస్థాయి పైకి జరిగిందన్న శాస్త్రభావనను ఆ పలుకుబడి అప్పటికే తనలో ఇముడ్చుకొని ఉంది. తెలుగు పదకోశ నిర్మాతలు ఇలాంటి పలుకుబడులను శాస్త్రానికి పనికిరానివిగా భావించి విడిచిపెట్టారు. వాటిని మెట్లుగా క్రమబద్ధం చేసి ఉంటే డెసిబెల్‌ల పట్టికకు తెలుగు రూపం దొరికేది.

7. 'మాట వినడు': పరిభాష లేని చోట జరిగే అన్యాయం

పరిభాష లోపం వల్ల నష్టపోయేది ప్రధానంగా పిల్లలు. దీనికి మూలం తెలుగు క్రియాపదంలోనే ఉంది. 'వాడు వినడు' అన్న వాక్యానికి శ్రద్ధ పెట్టడు అనీ, చెప్పినట్లు చేయడు అనీ అర్థాలు. 'వాడికి వినపడదు' అన్న వాక్యానికి ఆ అర్థాలు లేవు. మొదటిదానిలో పిల్లవాడు కర్త, తప్పు అతనిది. రెండవదానిలో పిల్లవాడు అనుభోక్త; తప్పు ఎవరిదీ కాదు. 'కి' ప్రత్యయం తెచ్చిన తేడా ఇది. ఉర్దూలో కూడా ఇదే విభజన ఉంది. దక్కనీలో 'సున్తాఇచ్ నై' అంటే మొండివాడు. 'ఉసే సునాయీ నై దేతా' అంటే వినపడనివాడు.

జలుబు తరువాత మధ్యచెవిలో ద్రవం చేరే స్థితి పిల్లల్లో సాధారణం. నొప్పి ఉండకపోవచ్చు. వినికిడి కొంత తగ్గుతుంది. అది ఒకరోజు తక్కువగా, మరొకరోజు ఎక్కువగా ఉంటుంది. అప్పుడప్పుడు వినపడే పిల్లవాడు పెద్దల దృష్టిలో వినపడని పిల్లవాడు కాడు. మాట వినని పిల్లవాడు. వెనుక బల్ల మీద కూర్చున్న ఆ బాలునికి పడేది చెవి పరీక్ష కాదు, దెబ్బ. చెవిపోటు అని ఏడ్చే పిల్లవాడిని వైద్యుని వద్దకు తీసుకెళతారు. నొప్పి లేకుండా వినికిడి తగ్గిన పిల్లవాడిని గుర్తించటానికి ఉపాధ్యాయునికి, తల్లికి ఒక మాట కావాలి. కూటకం, దాగలి, అంకవన్నె అని పటంలో గుర్తించి మార్కులు తెచ్చుకొన్న అదే తరగతి, పక్కబల్ల మీద ఉన్నవాడికి వినపడటం లేదని గుర్తించలేకపోతుంది.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుండి 18 ఏళ్ళ వరకు పిల్లల్లో పరీక్షించవలసిన స్థితులలో పుట్టుచెవుడును, వినికిడి లోపాన్ని, మధ్యచెవి శోథను చేర్చింది. శిశువుకు నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలన్నది అంతర్జాతీయంగా నిపుణులు చెప్పే క్రమం. ఈ గడువులు తల్లితో జరిగే సంభాషణ మీద ఆధారపడి ఉన్నాయి. ఆ సంభాషణలో అడగవలసింది 'బిడ్డకు బధిరత్వం ఉందా' అని కాదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుందా, వెనుకనుండి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా, టీవీ శబ్దం పెంచమంటుందా అని. ప్రశ్నలుగా మారగల ఈ వాక్యాలే వినికిడి విషయంలో అసలైన పరిభాష.

8. అభ్యంతరాలు, సమాధానాలు

ఈ వాదానికి కొన్ని అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, వాడుకమాట నుండి మరిన్ని పదాలను పుట్టించటం కష్టమన్నది. కర్ణం నుండి కర్ణభేరి, కర్ణస్రావం, కర్ణావర్తం వరుసగా వస్తాయి. చెవి నుండి అంత సులభంగా రావు. ఇందులో నిజముంది. శాస్త్రగ్రంథానికి సమాసశక్తి గల భాష అవసరమే. ఈ వ్యాసం ఆ పదాలను తొలగించమని కోరటం లేదు. ప్రతి శాస్త్రపదం పక్కన దాని వాడుక క్రియ కూడా పదకోశంలో ఉండాలని మాత్రమే కోరుతోంది. కర్ణస్రావం పక్కన చెవి కారటం, కర్ణనాదం పక్కన చెవి హోరు ఉండాలి.

రెండవది, వైద్యులు చదివేది ఆంగ్లంలో కాబట్టి తెలుగు పరిభాషతో పని లేదన్నది. వైద్యుడు ఆంగ్లంలో చదివినా రోగితో ఆంగ్లంలో మాట్లాడడు. పైగా వైద్యుడికీ, రోగికీ మధ్య నర్సు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త, ఉపాధ్యాయుడు ఉన్నారు. వీరిలో చాలామంది పాఠశాలలో తెలుగు వాచకమే చదివారు. ఆ వాచకం వారికి ఇచ్చిన మాటలు పనికి రాకపోవటం వల్లనే వారు సొంతంగా మాటలు కల్పించుకొంటున్నారు. చెవి మిషన్, పర్దా ఆపరేషన్ వంటివి అలా స్థిరపడినవే. శ్రవణయంత్రం కంటే చెవి మిషన్ ముందుగా అర్థం కావటానికి కారణం ఆంగ్లవ్యామోహం కాదు, వాడుక.

మూడవది, ఉర్దూ మాటలను చేర్చుకొంటే తెలుగు పరిభాష స్వరూపం చెడుతుందన్నది. తెలంగాణలో 2017 నుండి ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికారభాష. పరదా, రికాబు వంటివి అంతకు చాలా ముందే తెలుగు నిఘంటువుల్లో చేరిన పదాలు. ఉన్న పదాన్ని గుర్తించటం పరాయి పదాన్ని దిగుమతి చేసుకోవటం కాదు. దేశంలో శ్రవణవైకల్యాలకు సంబంధించిన జాతీయ సంస్థ అలీ యావర్ జంగ్ పేరు మీద ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసినవాడు ఆయన. ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. వినికిడి విషయంలో రెండు భాషల వారసత్వాన్నీ కలిపి చూడటానికి హైదరాబాదు కంటే తగిన చోటు లేదు.

9. ముగింపు

పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి:

1. తెలుగు చెవి పరిభాష జీవశాస్త్ర విద్యార్థి అవసరం కోసం పుట్టటం వల్ల అవయవ నామాలకే పరిమితమైంది.

2. కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు పదాలు సంస్కృతం, వృత్తిభాష, నిఘంటువు అనే మూడు మార్గాలను చూపుతున్నాయి. వాటిలో వృత్తిభాష మార్గం ఉత్తమ ఫలితమిచ్చింది. అందరికీ తెలిసిన సుత్తి, రెండు భాషలకూ ఉమ్మడి అయిన రికాబు చోటు పొందలేకపోయాయి.

3. ప్రాచీన వైద్యగ్రంథాలు రోగి అనుభవాన్ని అనుసరించి పేర్లు పెట్టాయి. ఆధునిక పదకల్పన వాటి శబ్దాలను తీసుకొని దృష్టిని వదిలివేసింది.

4. తెలుగు, దక్కనీ వాడుకభాషల్లో చెవి రోగాల వర్ణన క్రియాప్రధానం. ఈ రెంటి నిర్మాణసామ్యం మొఘల్‌పురా వంటి చోట ద్విభాషా ఆరోగ్య పదకోశానికి సహజమైన పునాది.

5. వినికిడి తగ్గుదలకు వాడుకలో ఉన్న తరతమ భేదాలను క్రమబద్ధం చేస్తే, చట్టం గుర్తించని తేలికపాటి, మధ్యస్థాయి లోపాలకు పేరు దొరుకుతుంది.

వినటం, వినపడటం వేరని తెలుగు వ్యాకరణం చాలాకాలంగా చెబుతూనే ఉంది. ఆ తేడాను వాచకంలోకి, ఆరోగ్య కార్యకర్త చేతిపుస్తకంలోకి తీసుకొని వెళ్ళటం భాషాధ్యయనం చేసేవారి పని. పరిభాషా నిర్మాణంలో భాషాశాస్త్ర పరిశోధకుల పాత్ర పదాలను ఆమోదించటంతో ముగియదు. ఒక తల్లి తన బిడ్డ గురించి చెప్పే వాక్యాన్ని వైద్యుడు సరిగా అర్థం చేసుకొనేదాకా అది కొనసాగుతుంది.